వాయిదా వేసిందెవరు?

“ఎట్టకేలకు మేమిద్దరం...” అంటూ మొదలయ్యే యాత్రా వ్యాసాలు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. ఆయన రిటైరయ్యాడు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ స్థిరపడ్డారు. పాతికేళ్లుగా వాయిదా పడుతున్న హైదరాబాద్-బెంగుళూరు కారు ప్రయాణం ఇన్నాళ్లకు కుదిరింది. తెల్లవారుజామునే బయల్దేరడం, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, గుత్తి కోట, పెనుకొండ, కాస్త దారి మళ్లితే లేపాక్షి బసవన్న. చదవడానికి హాయిగానే ఉంటాయి. నన్ను గుచ్చేది ఆ క్రియ ఒక్కటే, “వాయిదా పడింది”. దానంతటది ఎలా పడింది? ఆ వాక్యంలో కర్త ఎందుకు లేడు?

నాకు తెలిసిన ఒక లెక్చరర్ ఇంట్లో ఈ ప్రయాణం మాట మొదటి మారుతి కొన్నప్పటిది. ఆ ఏడు అమ్మాయి టెన్త్. తర్వాత అత్తగారి తుంటి విరిగింది. తర్వాత అబ్బాయి ఎంసెట్. తర్వాత అమ్మాయి పురుడు, ఆ వెంటనే కోడలి పురుడు. ప్రతి కారణమూ నిజమే. ప్రతిసారీ ఇంట్లో ఉండాల్సిన మనిషి మాత్రం ఆవిడే. ఈలోగా ఆయన అదే రోడ్డు మీద క్యాంపులకనీ, స్నేహితుడి కొడుకు పెళ్లికనీ, ఊరికే సరదాకనీ ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో లెక్కలేదు. పాత 7వ నంబరు హైవే 44 అయింది, రెండు వరసలు నాలుగయ్యాయి. ఆవిడకి ఆ రోడ్డు ఆయన తెచ్చే మైసూర్‌పాక్ డబ్బాల వల్లే తెలుసు.

ఇన్నేళ్ల చాకిరీని ఈ వ్యాసాలు “బాధ్యతలు” అని ఒక్క మాటలో దాటేస్తాయి. పైగా చివరికి ప్రయాణం ఆవిడకిచ్చిన కానుకలా తయారవుతుంది. రావాల్సిన అరియర్స్‌ని బోనస్ అని చెప్పి చేతిలో పెట్టడం కాదూ ఇది?

సరే, బయల్దేరారు. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది? ఆవిడకి లైసెన్సుంది. కూరగాయలకీ, ఆస్పత్రికీ, మనవణ్ణి బడి నుంచి తేవడానికీ ఆవిడే నడుపుతుంది. హైవే ఎక్కేసరికి మాత్రం “నీకెందుకు టెన్షన్, హాయిగా చూస్తూ కూచో” అంటాడు ప్రేమగా. హాయిగా కూచోవడమంటే పులిహోర డబ్బా అందించడం, బీపీ మాత్ర గుర్తుచేయడం, ఆయనకి నిద్ర రాకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండటం.

నీళ్ల సంగతి ఈ వ్యాసాల్లో ఎక్కడా చదవలేదు నేను. ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించుకుని కారెక్కేవాళ్లం మనలో ఎంతమందిమి! ఒకే హైవే మీద రెండు టోల్‌ప్లాజాల మధ్య మామూలుగా 60 కిలోమీటర్ల దూరం ఉండాలని 2008 నాటి ఫీజు నిబంధనలు చెప్తాయి. రుసుము కోసం దూరం కొలిచారు. యాభై దాటిన, ఇద్దరు ముగ్గుర్ని కన్న ఆడదాని మూత్రాశయాన్ని ఎవరు కొలిచారు? టోల్‌ప్లాజా పక్కన గది ఉంటుంది. చాలాసార్లు దానికి తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్న మనిషి ఎక్కడో టీ తాగుతుంటాడు. తాళం తీసి ఉంటే నీళ్లుండవు. ఆయన తుమ్మచెట్టు కనపడగానే కారాపి దిగుతాడు. ఆవిడ అద్దంలోంచి గుత్తి కోటని చూస్తుంటుంది.

టోల్ అనగానే ఇంకోటి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. కారు ఆయన పేర, ట్యాగ్ ఆయన పేర, మెసేజ్ ఆయన ఫోనుకి. ఆవిడ ఎప్పుడైనా ఒక్కతే ఆ కారులో బయల్దేరిందనుకోండి. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి... ఒక్కో గేటు దాటగానే ఇంట్లో ఆయన జేబులో ఫోను మోగుతుంది. ఎవరూ దురుద్దేశంతో పెట్టింది కాదు. అయినా కాపలా పని చేస్తుంది.

“మరి భద్రతో?” అంటారు. తెలుసు. 2019 నవంబరులో తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, ఈ హైవే మీదే చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారు. అది తలచుకోకుండా షాద్‌నగర్ దాటడం నావల్ల కాదు. దానికి రాజ్యం చేసిందేమిటి? నిందితులు నలుగుర్నీ డిసెంబరు 6న ‘ఎన్‌కౌంటర్’ చేసింది. పోలీసులు చెప్పింది కట్టుకథని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆర్టీసీలో ఆడవాళ్లకి రాత్రి 8 తర్వాత డ్యూటీ వద్దని అప్పటి ముఖ్యమంత్రి ఆదేశించాడు. భయం ఉన్న చోటి నుంచి ఆడవాళ్లని తీసేయడం అన్నిటికంటే చవక. ఇక మిగిలిన దారి, భర్త పక్కన కూచుని వెళ్లడం.

అలా కాకుండా ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లు కదిలితే ఏమవుతుందో 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఉచిత బస్సు మొదలైనప్పుడు చూశాం. పనీపాటా లేక తిరుగుతున్నారన్నారు. బస్సులో కూచుని వెల్లుల్లి పొట్టు తీస్తున్నారని వీడియోలు తిప్పి నవ్వుకున్నారు. (తిరగడానికి వెళ్తూ కూడా ఇంటిపని ఒళ్లో పెట్టుకుందని ఒక్కడికీ తట్టలేదు.) ఆ వీడియోలు పంపినవాళ్లే దంపతుల డ్రైవ్ ఫొటోలకి చప్పట్లు కొడతారు. పని లేకుండా తిరగడాన్నే కదా మగవాళ్లు ఇన్నాళ్లూ యాత్ర అని రాసుకున్నది?

ఆ లెక్చరర్‌కి పెనుకొండలో రెండు రోజులుండాలని ఉంది. కారులో వెళ్లినప్పుడు అరగంట కూడా ఆగలేదు. ఆ మాటంటే ఆయన నిజంగానే అర్థంకాక అడిగాడట, “మొన్ననేగా చూసొచ్చాం?” అని. అనంతపురం దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకోటి, అని ఆవిడ నాకు చెప్పింది. ఆయనకింకా చెప్పలేదు.