గ్యాస్ లైన్ల మీద లేజర్ తనిఖీ: అంకెలు ఊరికి తెలియాలి



2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కారిన గ్యాస్ ఇళ్ల మధ్య పరుచుకున్నాక నిప్పు అంటుకుంది. లీకు గురించి ముందే మొరపెట్టుకున్నామని ఊరివాళ్లు అప్పట్లోనే చెప్పారు. ఆ మొరకు బలం చేకూర్చే అంకె ఒక్కటీ వాళ్ల చేతిలో లేదు. ఆ అంకెను చూపే లేజర్ డిటెక్టర్లు ఉన్నాయి. కోనసీమ లైన్ల మీద వాటితో క్రమం తప్పని తనిఖీ తప్పనిసరి చేయాలి.

సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. అది 1.65 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. డిటెక్టర్ సరిగ్గా ఆ కాంతినే వదులుతుంది. గోడకో, నేలకో తగిలి తిరిగొచ్చిన కాంతి ఎంత తగ్గిందో చూసి, దారిలో మీథేన్ ఎంత ఉందో క్షణాల్లో చెబుతుంది. మామూలు డిటెక్టర్ దగ్గరికి గ్యాసే రావాలి. లేజర్ డిటెక్టర్ పట్టుకున్న మనిషి మాత్రం కాలువ ఇవతలి గట్టున నిలబడి అవతలి గట్టును పరీక్షించవచ్చు. వరిచేల కింద, కొబ్బరితోటల కింద గొట్టాలు సాగే మా ప్రాంతానికి ఇదెంత అవసరమో, దమ్ము చేసిన చేలో నడిచినవాళ్లకు తెలుసు.

గాలిలో మీథేన్ సుమారు 5 శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. లేజర్ మాత్రం పది లక్షల్లో కొన్ని వంతులున్నప్పుడే పసిగడుతుంది. ఆలోగా వాల్వు కట్టేయొచ్చు, పొయ్యిలు వెలిగించొద్దని ఊళ్లో చాటించొచ్చు.

ఇది ప్రయోగశాల దాటని విద్య కాదు. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ అక్కడి మీథేన్‌ను కొలిచింది లేజర్‌తోనే. గ్యాస్ కంపెనీలు చాలా దేశాల్లో వాహనాలకూ హెలికాప్టర్లకూ అమర్చి వాడుతున్నాయి. గాలి జోరుగా వీస్తే చిన్న లీకు దొరక్కపోవచ్చు, నిజమే. తుప్పు పట్టిన గొట్టాన్ని ఎలాగూ మార్చాల్సిందే. అంతమాత్రాన కొలవడం మానేస్తామా?

కొలిచి కంపెనీ రికార్డుల్లో రాసుకుంటే చాలదు. ఏ రోజు, ఏ ఊరి పరిధిలో ఎంత రీడింగు వచ్చిందో పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. వాసన వస్తోందని ఎవరు ఫిర్యాదు చేసినా డిటెక్టర్‌తో మనిషి అదే రోజు రావాలి. వచ్చిన రీడింగును ఫిర్యాదుదారుకు సంతకం చేసి ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, రాజోలు