ఆరంగ్: దిగితేనే కనిపించే ఊరు

రాయ్‌పూర్ నుంచి 36 కిలోమీటర్లు. వెయ్యేళ్ల నాటి గుడి, టికెట్ లేని దర్శనం, కాస్త దూరంలో ఒక తెలుగు ఆచార్యుడి జన్మస్థలం. అయినా చాలామంది దాటిపోతూనే ఉన్నారు.

విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్ వెళ్లే ప్యాసింజర్ రైలులో కూర్చున్నవాళ్లు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటాక కిటికీలోంచి మహానదిని చూస్తారు. వంతెన దాటగానే ‘ఆరంగ్ మహానది’ అన్న చిన్న బోర్డు కనిపిస్తుంది. దిగేవాళ్లు తక్కువ. సామాన్లు సర్దుకునే హడావుడి రాయ్‌పూర్ దగ్గర పడ్డాకే మొదలవుతుంది. విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే ఈ మార్గం 1931లో పూర్తయింది. అప్పటి నుంచి తెలుగువాళ్లు ఇటు వస్తూనే ఉన్నారు. ఉద్యోగాలకు, వ్యాపారాలకు, చుట్టాలిళ్లకు. ఊళ్లు చూడటానికి మాత్రం కాదు.

జాతీయ రహదారి 53 మీద వెళ్లేవాళ్లదీ అదే తీరు. రాయ్‌పూర్ నుంచి సిర్పూర్‌కు కారులో వెళ్లే పర్యాటకుడికి ఆరంగ్ ఒక మైలురాయి, మహా అయితే ఒక టీ బంకు. ఆ బంకు వెనక వీధుల్లో ఏముందో తెలుసుకోవాలంటే దిగాలి. దిగడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నిజానికి ఛత్తీస్‌గఢ్‌లో తక్కువ డబ్బుతో ఎక్కువ చరిత్ర చూపించే ఊళ్లలో ఇదొకటి.

ఆరంగ్‌ను గుళ్ల ఊరని పిలుస్తారు. వాటిలో తప్పక చూడాల్సింది భాండ్ దేవల్. కలచురుల కాలం నాటి, 11వ శతాబ్దానిదిగా చెప్పే జైన ఆలయమిది. ఎత్తయిన అరుగు మీద నక్షత్రం ఆకారపు పునాదితో లేచిన శిఖరం. ముందుండాల్సిన మండపం ఇప్పుడు లేదు. దాంతో గర్భగుడి గుమ్మం నేరుగా ఆరుబయటికి తెరుచుకున్నట్టుంటుంది. లోపల నల్లరాతిలో చెక్కిన ముగ్గురు తీర్థంకరులు నిలబడి ఉంటారు: అజితనాథుడు, నేమినాథుడు, శ్రేయాంసనాథుడు. ఎవరు ఎవరో తెలియనివాళ్లకు జైన శిల్పుల పాత పద్ధతి ఒకటి సాయపడుతుంది. అజితనాథుడి గుర్తు ఏనుగు, నేమినాథుడిది శంఖం, శ్రేయాంసనాథుడిది ఖడ్గమృగం.

బయటి గోడల మీద దేవతలు, నర్తకులు, మిథునాలు వరసలు కట్టి ఉంటాయి. ఈ శిల్పాల వల్లా, లోపలి దిగంబర మూర్తుల వల్లా జనం నోట ‘భాండ్’ అన్న పేరు పడిందంటారు. పేరులో కాస్త వెక్కిరింత ఉన్నా గుడిని కాపాడిన కథలో మాత్రం గౌరవమే ఉంది. బ్రిటిష్ హయాంలో శిఖరం బీటలు వారి కూలిపోయే దశకు వస్తే, సర్వే పనిమీద వచ్చినవాళ్లు దాని చుట్టూ ఇనుప పట్టీలు బిగించారు. నేల కొలవడానికి వచ్చినవాళ్లు ఆ పని చేయకపోతే ఇవాళ అక్కడ రాళ్ల కుప్పే మిగిలేది. ఇప్పుడిది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. టికెట్ లేదు.

గుడి చూసి వెనక్కి తిరిగితే సగం ఊరే చూసినట్టు. బాఘ్ దేవల్‌గా పిలిచే శివాలయం, మహామాయ గుడి కూడా నడిచి చూడదగ్గ దూరంలోనే ఉన్నాయి. మహామాయ గుడిలో అమ్మవారితో పాటు 24 మంది తీర్థంకరులను చెక్కిన రాతిఫలకం ఉంది. పక్క మతం వాళ్ల విగ్రహాలు దొరికితే పారేయకుండా అమ్మవారి నీడన చేర్చడం దక్కన్ పల్లెల్లో తిరిగినవాళ్లకు కొత్త కాదు. తెలంగాణలోనూ జైన విగ్రహాలు ఊరి దేవుళ్లుగా పూజలందుకుంటున్న చోట్లున్నాయి.

ఊరి పేరు వెనక కథ కూడా తెలుగువాళ్లకు తెలిసిందే. ‘ఆరా’ అంటే రంపం, ‘అంగ్’ అంటే శరీరం. మయూరధ్వజుడి దానశీలాన్ని పరీక్షించడానికి వచ్చిన కృష్ణుడు అతని కొడుకు తామ్రధ్వజుణ్ణి రంపంతో కోసి ఇమ్మన్నాడని ఇక్కడివాళ్లు చెబుతారు. జైమిని భారతం కథలో కోతకు సిద్ధపడేది రాజే. తండ్రి బదులు కొడుకు, అంతే తేడా. ఊరి పేరుకు పురాణం అతికించుకోవడం ప్రతిచోటా ఉన్నదే. కానీ ఆరంగ్‌కు పురాణం మీద ఆధారపడాల్సిన అవసరం లేదు. ఇక్కడ దొరికిన రాగిరేకులే చాలు.

రాజర్షితుల్య వంశానికి చెందిన రెండో భీమసేనుడి తామ్రశాసనం ఆరంగ్‌లోనే బయటపడింది. అందులో ఉన్నది గుప్తుల శకం. మొదట చదివిన హీరాలాల్ ఆ అంకెను 282గా గుర్తించారు, అంటే క్రీ.శ. 601. తర్వాత వి.వి. మిరాశి అది 182 అన్నారు, అంటే 501. ఒక్క అంకె దగ్గర వందేళ్ల తేడా. ఏది ఒప్పుకున్నా ఈ పట్టణం రికార్డు పద్నాలుగు వందల ఏళ్లకు తగ్గదు.

ఆ రోజుల్లో ఇది దక్షిణ కోసల. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో దక్షిణాపథ రాజుల పట్టిక కోసల మహేంద్రుడితోనే మొదలవుతుంది. అదే పట్టికలో పిష్టపురం, వేంగి వస్తాయి. అంటే నేటి పిఠాపురం, పెదవేగి. ఏడో శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ కూడా కళింగ నుంచి కోసలకు, కోసల నుంచి ఆంధ్రకు, అక్కడి నుంచి ధాన్యకటకానికి వెళ్లాడు. నాగార్జునాచార్యుణ్ణీ శాతవాహన రాజునూ అతను కోసల వర్ణనలోనే ప్రస్తావించాడు. కాబట్టి విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలెక్కేవాళ్లు కొత్త దారినేమీ పట్టడం లేదు. పాతవాళ్లు నడిచిన దిక్కులోనే వెళుతున్నారు.

ఇక ఖర్చు సంగతి. విశాఖ నుంచి ప్యాసింజర్, సమతా ఎక్స్‌ప్రెస్ ఎప్పటి నుంచో ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖ వందే భారత్ కూడా వచ్చింది. డబ్బు మిగలాలంటే మొదటి రెండే నయం. రాయ్‌పూర్‌లో దిగి బస్సు పట్టుకోవడం తేలిక. బస్టాండ్ 2021లో పండ్రి నుంచి భాఠాగావ్‌కు మారింది కాబట్టి ఆటోవాళ్లకు ఆ పేరే చెప్పాలి. మహాసముంద్, సరాయ్‌పాలీ వైపు వెళ్లే బస్సులు ఆరంగ్ మీదుగానే పోతాయి. చార్జీకి వంద నోటు ఇస్తే చిల్లర తిరిగొస్తుంది.

బస్సెక్కే ముందు ఒక పూట రాయ్‌పూర్‌లోనే గడపడం మంచిది. 1875లో రాజనాంద్‌గావ్ పాలకుడు మహంత్ ఘాసీదాస్ నెలకొల్పిన మ్యూజియంలో సిర్పూర్ కంచు విగ్రహాలున్నాయి. వాటిని చూశాక బయల్దేరితే రాళ్లు కొంత మాట్లాడతాయి. అదే ప్రాంగణంలోని గఢ్‌కలేవాలో మహిళా సంఘాల వాళ్లు ఛత్తీస్‌గఢీ వంటలు అమ్ముతారు. బియ్యప్పిండితో పోసే చీలా మన అట్టుకు అన్నదమ్ముడు. ఆవిరి మీద ఉడికించే ఫరాను కుడుముల చుట్టమనుకోవచ్చు. బోరే బాసీ అంటే రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినే చద్దన్నమే. 2022 మే 1న రాష్ట్ర ప్రభుత్వం కార్మిక దినోత్సవాన్ని దానితోనే జరిపింది.

ఆరంగ్ నుంచి చంపారణ్ వెళ్లడం తెలుగు ప్రయాణికుడికి అసలైన ఆశ్చర్యం. పుష్టిమార్గ స్థాపకుడు వల్లభాచార్యుడు 1479లో పుట్టింది ఇక్కడే. తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ. గోదావరి తీరపు వెలనాటి బ్రాహ్మణులు. కాశీలో అల్లకల్లోలం భయంతో దక్షిణాదికి తిరిగివస్తుంటే దారిలో నెలలు నిండకుండానే కాన్పయిందని, చలనం లేని బిడ్డను జమ్మిచెట్టు కింద ఉంచి వెళ్లారని, మర్నాడు చూస్తే చుట్టూ నిప్పుల వలయం మధ్య ఆడుకుంటున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ బిడ్డే పెద్దవాడై గుజరాత్, రాజస్థాన్, వ్రజభూమిలో లక్షలాది ఇళ్లకు ఆచార్యుడయ్యాడు.

ఏటా ఆయన జయంతికి, మన లెక్కన చైత్ర బహుళ ఏకాదశికి, చంపారణ్ గుజరాతీ వైష్ణవులతో నిండిపోతుంది. ధర్మశాలలున్నాయి, శాకాహార భోజనం దొరుకుతుంది. ఉత్సవం లేని రోజుల్లో తక్కువ ఖర్చుతో రాత్రి బస చేయడానికి ఇంతకన్నా శుభ్రమైన చోటు చుట్టుపక్కల దొరకడం కష్టం. తెలుగు కుటుంబంలో పుట్టిన వ్యక్తి కోసం సూరత్ నుంచి, ముంబై నుంచి వస్తున్నారు. పొద్దున బయల్దేరితే రాత్రికి చేరుకోగల విజయనగరం నుంచి మాత్రం రావడం లేదు.

రెండో రోజు సిర్పూర్‌కు. ఆరంగ్ దాటి, మహానది దాటి, కుహరీ మలుపు దగ్గర హైవే వదలాలి. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసట కట్టించిన ఇటుక లక్ష్మణ ఆలయం, 1950లలో తవ్వకాల్లో బయటపడ్డ ఆనందప్రభు కుటీ విహారం, సురంగ్ టీలా మెట్లు సగం పూటకు సరిపోతాయి. లక్ష్మణ ఆలయంలో టికెట్ ఉంది, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్ తర్వాత ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాతి అరుగుల మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు.

ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్నా ఆరంగ్‌కు మిగులుతున్నదేమిటన్నదే ప్రశ్న. ఇలాంటి ఊళ్ల కోసం మెక్సికో 2001లో ‘పుయెబ్లోస్ మాహికోస్’, అంటే మాయా పట్టణాలు, అనే పథకం పెట్టింది. పెద్ద బీచ్‌లకు పోయే పర్యాటకుణ్ణి చిన్న చారిత్రక ఊళ్లకు మళ్లించడం ఉద్దేశం. స్పానిష్ వలస పాలకులు 1528లో స్థాపించిన కొండ పట్టణం శాన్ క్రిస్టోబల్ దె లాస్ కసాస్ అందులో ఒకటి. వీపున సంచితో వచ్చేవాళ్లు షేర్ వ్యాన్లలో తిరిగి, సంతలో తిని, చవక గదుల్లో పడుకుని రోజుల తరబడి ఉండిపోయే ఊరది. 2023 నాటికి జాబితాలో 177 ఊళ్లు చేరాయి. బిరుదు ఇచ్చి ఊరుకోలేదు కూడా. నిబంధనలు పాటించలేదని తెపోజ్‌త్లాన్ నుంచి 2009లో వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చారు.

ఆ పథకానికీ విమర్శలున్నాయి. జనం పెరిగితే అద్దెలు పెరుగుతాయి, ఊరు బొమ్మల కొలువవుతుంది. ఆరంగ్‌కు అంత ప్రమాదం ఇప్పట్లో లేదు. దాని కష్టం వేరు. ఇక్కడ పర్యాటకుడి కారు ఆగదు కాబట్టి డబ్బూ ఆగదు. గుడి గురించి నాలుగు ముక్కలు చెప్పే కుర్రాడు, రెండు గదులు అద్దెకిచ్చే ఇల్లు, మధ్యాహ్నం చీలా పోసే ఆడమనిషి ఉండాలంటే రోజుకు పదిమందయినా దిగాలి. ఊరికి గిట్టుబాటు లేని గుడిని ఊరు ఎంతకాలం తనదనుకుంటుంది? ఇనుప పట్టీలు శిఖరాన్ని పట్టుకోగలవు కానీ జనం ధ్యాసను పట్టుకోలేవు.

ఇక్కడే తక్కువ డబ్బుతో తిరిగేవాడి విలువ తెలుస్తుంది. కారులో వచ్చినవాడు రాయ్‌పూర్ హోటల్లో పడుకుని, అక్కడే తిని, సిర్పూర్‌లో ఫోటో దిగి వెళతాడు. బస్సులో వచ్చినవాడు ఆరంగ్‌లో టీ తాగుతాడు, అరటిపళ్లు కొంటాడు, చంపారణ్‌కు ఆటో మాట్లాడతాడు. ఖర్చు పెట్టేది కొంచెమే, అది మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది. పెద్ద పథకాలు వచ్చేలోగా ఆరంగ్‌కు కావలసింది కండక్టరుతో ‘ఆరంగ్‌లో ఆపు’ అని చెప్పే మరో నలుగురు ప్రయాణికులు.