తెలంగాణ రవాణా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తాగి బండి నడిపినవాడి లైసెన్సు ఆగాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఎవరిది ఆగాలో, ఎవరిది ఆగకూడదో తేల్చేది రోడ్డు మీద నిలబడ్డ పోలీసు ఇష్టం కాకూడదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ హద్దు స్పష్టంగా చెప్పింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ ప్రకారం పోలీసు లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలి. ఆ అధికారి 19వ సెక్షన్ కింద డ్రైవరు చెప్పేది విని, కారణాలు రాసి, అప్పుడు నిర్ణయించాలి. అంటే పోలీసు పని పంపడం వరకే. కానీ పంపకముందే "మనవాడే, వదిలెయ్" అని ఫోను వస్తే? ఫోను చేయించగలిగినవాడు బయటపడతాడు, ఎవరూ లేని ఆటో డ్రైవరు మిగులుతాడు. నాకు కోపం తెప్పించేది ఇదే.

పరిమితి దాటిన ప్రతి బ్రీత్ అనలైజర్ రీడింగూ నేరుగా మీ ఆఫీసుకు చేరేలా చూడండి. ఏ రీడింగుకు ఎన్ని నెలల సస్పెన్షనో, రెండోసారి దొరికితే ఎంతో ముందే ప్రకటించండి. బండి మీదే బతికేవాళ్ల విచారణ మాత్రం వారాల తరబడి సాగదీయకండి. తేలని ప్రతి రోజూ వాళ్లింట్లో కూలి పోయినట్టే.

ఇట్లు,
హైదరాబాదు పౌరుడు