తీగ జారితే ఎక్కిళ్లు!

పేస్‌మేకర్ పెట్టించుకున్న పదిరోజులకు ఆగకుండా ఎక్కిళ్లు మొదలైతే ఎవరైనా ఏం చేస్తారు? గుక్కెడు నీళ్లు తాగుతారు. చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటారు. 'ఎవరో తలచుకుంటున్నారు' అనుకుని ఊరుకుంటారు. అసలు సంగతి గుండెలోని తీగ జారడం కావచ్చు.

పేస్‌మేకర్ అనగానే ఛాతీ మీద చర్మం మాటున ఉండే చిన్న డబ్బానే గుర్తొస్తుంది. అందులో ఉండేది బ్యాటరీ, సర్క్యూటూ. గుండెకు కరెంటు అందించేది మాత్రం డబ్బా నుంచి సిర గుండా లోపలికి వెళ్లే సన్నటి తీగ. దాన్ని లీడ్ అంటారు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అంత కుదుపులోనూ తీగ కొస కదలకుండా ఉండాలంటే దాని చుట్టూ కణజాలం పెరిగి పట్టు బిగియాలి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. జారితే ఎక్కువగా ఆలోపే జారుతుంది. గుండె పై గదిలో పెట్టిన తీగకు ఈ బెడద మరింత ఎక్కువ.

తీగ పక్కకు జరిగితే కళ్లు తిరగడం, తూలిపడటం, స్పృహ తప్పడం వంటి పాత బాధలన్నీ తిరిగొస్తాయి. పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడిన వారికైతే ప్రాణాపాయమే. కరెంటు డయాఫ్రమ్‌ను నడిపే నరానికి తగిలితే ఎక్కిళ్లు వస్తాయి, పొట్ట అదురుతుంది. అరుదుగా తీగ మొన గుండె గోడను చీల్చుకుని బయటికొస్తుంది. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు.

మరో వింత కారణమూ ఉంది. కొందరు చర్మం కింది డబ్బాను తెలిసో తెలియకో వేళ్లతో తిప్పుతుంటారు. కండెకు దారం చుట్టినట్టు తీగ దానికి చుట్టుకుని, చివరికి గుండెలోంచి ఊడివస్తుంది. 1968లో కెనడా వైద్యులు దీన్ని వర్ణించి 'ట్విడ్లర్స్ సిండ్రోమ్' అన్నారు. చర్మం కింద చోటు వదులుగా ఉండే వృద్ధుల్లో, లావుపాటి వారిలో, మతిమరుపు ఉన్నవారిలో ఇది ఎక్కువ.

ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, పేస్‌మేకర్ పనితీరు పరీక్షలతో విషయం తేలిపోతుంది. చాలామందికి మళ్లీ చిన్న ఆపరేషన్ చేసి తీగను సరిచేస్తారు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చేతిని భుజంపైకి ఎత్తొద్దని, బరువులు మోయొద్దని చెప్పేది అందుకే. అలాగని భయంతో చేతిని అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఇదీ పొరపాటే.

అసలు తీగే లేని పేస్‌మేకర్‌కు 2016లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పెద్ద క్యాప్సూల్ అంత ఉండే దాన్ని తొడ దగ్గరి సిర గుండా పంపి నేరుగా గుండెలోనే అమరుస్తారు. కాకపోతే అది అందరికీ సరిపడదు, ఖరీదూ ఎక్కువే.