వకీలుగారు చదవని రెండక్షరాలు

ఉద్యోగ విరమణ సొమ్ముతో తార్నాకలో ఒక పాత ఫ్లాటు కొనదలచి, దస్తావేజుల కట్టను ఒక వకీలుగారి చేతిలో పెట్టాను. పేరు అప్రస్తుతం. వారం తిరగకుండానే "హక్కులు నిర్వివాదం" అని రెండు పుటల అభిప్రాయమిచ్చి రుసుము పుచ్చుకొన్నారు. ఆ మాట నమ్మి బయానా చెల్లించాను.

ఒక సాయంత్రం ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల ఎదుట చెట్టు క్రింద కూర్చుని ఆ కాగితాలు తీరికగా చదివాను. (జీవితమంతా జవాబుపత్రాలు దిద్దిన కన్ను ఊరకుండదు గదా.) 1994 నాటి విక్రయపత్రం మీద స్థల యజమాని తరఫున జీపీఏదారు సంతకం. అదే కట్టలోని 1992 నాటి దస్తావేజులో ఆ యజమాని పేరుకు ముందు "కీ.శే."! యజమాని మరణంతో ఏజెంటు అధికారం సాధారణంగా ముగుస్తుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను. పోయినవారి తరఫున రెండేళ్ల తరువాత అమ్మకమేమిటి?

అడిగితే, "ఈసీ శుభ్రంగానే ఉన్నది కదా మాస్టారూ" అన్నారు. రిజిస్టరైన లావాదేవీలను ఈసీ చూపుతుంది; సంతకం చేసినవానికి ఆనాడు అధికారమున్నదా అన్నది చూపదు. అది చూడడానికే వకీలు! ఈసీ మీసేవలో నేనూ తెచ్చుకోగలను.

వినియోగదారుల కమిషనుకు పోదామా? వకీళ్ల సేవాలోపం ఆ చట్టం క్రిందికి వస్తుందని 2007లో జాతీయ కమిషను అన్నది. 2024 మే 14న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చింది. న్యాయవాద వృత్తి విలక్షణమైనదట. కావచ్చు. చదవకుండా మార్కులు వేసిన పంతులును మాత్రం మా ఇన్‌స్పెక్టరు విడిచిపెట్టేవాడు కాడు. ఇక మిగిలినవి బార్ కౌన్సిలుకు ఫిర్యాదు, సివిలు దావా. దావాకు మళ్లీ ఒక వకీలు!

బయానా ఇంకా అమ్మకందారు దగ్గరే ఉన్నది. రుసుము తిరిగి ఇమ్మని వకీలుగారికి జాబు వ్రాశాను. చదివారో లేదో.