నిఘా కెమెరాలు – పొరుగింటి మర్యాద

అనంతపురము మండలమున నేడు పట్టణములందేగాక పెద్ద గ్రామములందును ఇంటి గుమ్మమునకు పైగా సీసీ కెమెరా కానవచ్చుట సామాన్యమైపోయినది. ఒకప్పుడు బ్యాంకులకును నగల దుకాణములకును మాత్రమే చెల్లిన యీ హంగు నేడు గృహస్థుని వాకిటికి వచ్చి చేరినది. ఇందుకు కారణములు లేకపోలేదు. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు ఈ పీఠభూమిపై, చెనిగ పంట చేతికి రాని సంవత్సరమున కుటుంబములు ఇంటికి తాళము వేసి బెంగుళూరునకో కేరళమునకో పనికై తరలిపోవుట మన మెఱుగనిది కాదు. అప్పుచేసి వేయించిన బోరునకు కట్టిన మోటారు తీగెలును, ట్రాన్స్‌ఫార్మరులోని రాగియు రాత్రికి రాత్రి మాయమగుట రైతులకు అనుభవమే. ఇట్టివారు తమ సొత్తును కాచుకొన కెమెరా పెట్టుకొన్నచో దానిని తప్పుపట్టువారము మేము కాము.

మా యాక్షేపణ కెమెరా మీద కాదు, అది చూచు దిక్కు మీద. మన యూళ్లలో మిద్దెయు మిద్దెయు గోడ పంచుకొని యుండును. సందు వెడల్పు రెండు బండ్లకు చాలదు. ఇట్టిచోట ఒక ఇంటి రెండవ అంతస్తున బిగించిన కెమెరా తన వాకిలి కంటె ఎదురింటి వాకిలినే బాగుగ చూచును. వేకువనే కళ్ళాపి చల్లు కోడలు, పెరటిలో తలంటుకొను ముసలమ్మ, కుళాయి కడ బిందెలతో నిలిచిన ఆడువారు, వేసవి రాత్రి మిద్దెపై చాపలు పఱచుకొని పండుకొను పిల్లలు తల్లులు – వీరందఱును తమకు తెలియకయే ఒకని డిస్కులో నిలువ యగుచున్నారు. ఆ దృశ్యములు ఇంటనే యుండునా యనిన, అదియు లేదు. యజమానుని కుమారుడు బెంగుళూరున తన గదిలో కూర్చుండి మొబైలులో వానిని చూడవచ్చును. చిత్ర మేమన, దొంగ ముఖమునకు తువాలు చుట్టుకొని వచ్చును. పొరుగింటివారు మాత్రము ముఖము కప్పుకొనక తిరుగుదురు. కావున ఏడాది పొడవునను స్పష్టముగ నమోదగునది పొరుగువారి ముఖములే.

ఎవరి యింటికి ఎవరు, ఏ వేళ వచ్చిపోయిరన్నది తక్కిన సీమలలో ఊసుపోని ముచ్చట కావచ్చును. కక్షలచే ఎన్నో కుటుంబములు చితికిన రాయలసీమలో అది ప్రాణములతో చెలగాటము. ఒక వర్గపువాని కెమెరా మఱియొక వర్గపువాని గుమ్మమును రేయింబవళ్ళు కాచుచున్నచో, దానిని దొంగల భయముచే పెట్టినదని యెవరు నమ్ముదురు?

వీధి అందఱిది, వీధిలో కనబడినదానిని చూచుటకు అడ్డేమని కొందఱందురు. అరుగుపై కూర్చుండిన పెద్దమనిషి చూడలేదా యని ప్రశ్నింతురు. చూచెను, నిజమే. కాని ఆయన చూచుట మనకును కనబడుచుండెను. ఆయన కన్ను మూతపడుచుండెను, మఱపు వచ్చుచుండెను. మర్యాద తెలిసినవాడగుటచే ఒక్కొక్కప్పుడు ముఖము త్రిప్పుకొనుచుండెను. కెమెరాకు మఱపు లేదు, మొగమాటము అంతకంటె లేదు.

ఈ తగవు క్రొత్తదేమియు కాదు. నాడు కిటికీ, నేడు కెమెరా. బళ్ళారి నుండి విడదీసి మన అనంతపురము జిల్లాను ఏర్పఱచినది 1882లో. ఆ యేటనే మద్రాసు రాజధానిలో అమలునకు వచ్చిన ఈజ్‌మెంటుల చట్టమున ఒక ఉదాహరణము కలదు: ఒక పట్టణపు ఆచారమునుబట్టి పొరుగింటి మఱుగునకు భంగము కలుగునట్లు ఎవ్వడును క్రొత్త కిటికీ పెట్టరాదన్నచో, ఆ యాచారము చట్టసమ్మతమైన హక్కగును. ఉత్తరాదిని అలహాబాదు హైకోర్టువారు 1888లో ఇట్టి యాచారమును మన్నించిరి. మద్రాసు హైకోర్టువారు మాత్రము కిటికీ తెఱచుట దానియంతట అది దావాకు తగిన అపరాధము కాదనిరి. ఆనాడు నష్టపడినవాడు తన గోడ నెత్తుచేసికొని తప్పించుకొనగల్గెను. రెండవ అంతస్తునుండి చూచు కెమెరాకు ఎంత యెత్తు గోడ కట్టవలయును?

తరువాతి కథలో ఆంధ్రులు గర్వింపదగిన ఘట్టమొకటి యున్నది. పోలీసులు ఒక మనుష్యునిపై నిఘా వేసి, రాత్రులందు అతని యింటి తలుపు తట్టు పద్ధతిపై వచ్చిన ఖరక్ సింగ్ వ్యాజ్యమును 1962లో సుప్రీంకోర్టు తీర్మానించినప్పుడు, అధిక సంఖ్యాకులు రాత్రి యింటికి వచ్చుటను మాత్రము కొట్టివేసి, ఏకాంతము రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదనిరి. రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు అందులకు అంగీకరింపక, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని అంగమని వేఱు తీర్పు వ్రాసిరి. ఆ మాట నెగ్గుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి వ్యాజ్యమున ఏకాంతము ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగ చాటినది.

అయినను ఆ హక్కు ప్రధానముగ ప్రభుత్వమునకు ఎదురుగ నిలుచునది. పొరుగువాని కెమెరాకు ఎదురుగ సామాన్యుడు దేనిని పట్టుకొనవలయును? హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరు ప్రేలుళ్లు జరిగిన 2013లోనే మన రాష్ట్రమున ప్రజాభద్రతా చట్టము వచ్చినది. జనులు గుమిగూడు స్థలములలో కెమెరా పెట్టి, దృశ్యములను 30 దినములు భద్రపఱుపవలయునని అది విధించినది. గృహస్థుని కెమెరా ఎంతవఱకు చూడవచ్చునో చెప్పలేదు. 2023 నాటి డిజిటలు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, వ్యక్తి తన సొంత అవసరములకును ఇంటి అవసరములకును వాడుకొను సమాచారమును తన పరిధినుండి తొలగించినది. భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను స్త్రీని ఏకాంతస్థితిలో చాటుగ చూచుటను, చిత్రించుటను శిక్షించును గాని, ఆమె రాకపోకలను నిత్యమును లెక్కపెట్టు కెమెరా దానికి చిక్కుట కష్టము.

ఐరోపా న్యాయస్థానము 2014లోనే, ఇంటి కెమెరా బాటను, ఎదురింటిని చూచుచున్నచో అది కేవలము గృహకృత్యము కానేరదని తీర్మానించినది. మన దేశమున కలకత్తా హైకోర్టువారు 2025 ఫిబ్రవరిలో, ఒకే యింట నివసించు సోదరుల వివాదములో, సహవాసి యనుమతి లేక నివాసభాగమున కెమెరాలు నడపరాదనిరి. అదే మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యము చేసికొనలేదు. ఒక యింటిలోని మాట తేలినది. రెండిండ్ల నడుమ సందు మాట మన శాసనసభ తేల్పవలసియున్నది.

ఆశ్చర్యమేమన, మంచి పద్ధతి మన పోలీసుల చేతిలోనే యున్నది. తాళము వేసి ఊరికి పోవువారు ముందుగా తెలిపినచో వారి యింటిలోపల కెమెరా నమర్చి, ఎవరైన చొఱబడినచో కంట్రోలు రూమునకు హెచ్చరిక వచ్చునట్లు చేయు ఏర్పాటు రాష్ట్ర పోలీసుశాఖవారిది కలదు. అది యజమానుని కోరికపై వచ్చును, అతని యింటినే చూచును, అతడు తిరిగి రాగానే పోవును. ఇల్లిల్లును కెమెరా పెట్టుకొనుడని బోధించు అధికారులు ఈ మూడు నియమములను గూడ బోధించినచో సగము తగవులు తీరును.

కెమెరా పెట్టినవాని క్షేమము సైతము ఇందులోనే యున్నది. 2025 ఫిబ్రవరిలో రాజకోటలోని ఒక ప్రసూతి వైద్యశాల దృశ్యములు బయటపడి, సొమ్మునకు అమ్ముడుపోయినట్లు పత్రికలలో వచ్చినది. కర్మాగారమునుండి వచ్చిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను పట్టుకొనియే 2016లో మిరాయి యను దుష్టయంత్రాంగము పెద్ద పెద్ద జాలస్థలములను స్తంభింపజేసినది. పొరుగువానిని చూచు కెమెరా ఇంటి యజమానుని గూడ చూచును. దానిని ఎవడు తెఱచి చూచుచున్నాడో యజమానునికి తెలియదు.

శాసనసభ 2013 చట్టమునకు ఒక చిన్న ప్రకరణమును చేర్చినచో చాలును: ఇంటి కెమెరా పొరుగు వాకిలిని, పెరటిని, మిద్దెను చూపరాదు, మాటలను నమోదు చేయరాదు, నియమితదినములు గడువగనే దృశ్యములు చెరిగిపోవలయును, పొరుగువారు కోరినచో తెఱపై ఏమి కనబడునో చూపవలయును. ఇది అసాధ్యమేమియు కాదు. నేటి కెమెరాలలో పెక్కింటికి, దృశ్యమున కోరిన భాగమును నల్లగ కప్పివేయు సదుపాయము కలదు. బిగించు పనివానితో ఒక్క మాట చెప్పిన చాలును. చట్టము వచ్చులోపల అనంతపురము నగరపాలకసంఘమువారును, తాడిపత్రి, గుంతకల్లు పురపాలకసంఘములవారును ఈ మేరకు తీర్మానములు చేసి, కెమెరాలమ్ము వర్తకులకు పంపవచ్చును. మిద్దెలపై పడకలు వేయు వేసవి వచ్చులోపలనే ఆ పని జరుగవలయునని మేము కోరుచున్నాము.