బోర్డా, వర్సిటీనా కాదు... భర్తీ ఎప్పుడు?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదనే తెలంగాణ కొట్లాట నడిచింది. 1969లో విద్యార్థులు రోడ్డెక్కింది ముల్కీ రక్షణల కోసమే. 1985 డిసెంబర్‌లో వచ్చిన 610 జీవో ఏండ్ల తరబడి కాగితం మీదనే ఉండిపోయింది. అందుకే కొలువు ఇచ్చే అధికారం ఎవరిదన్న మాట వినబడితే మనం ఊరుకోలేం.

2022 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లును ఆమోదించింది. వైద్య విశ్వవిద్యాలయాన్ని పక్కనబెట్టి మిగతా 15 వర్సిటీల ఖాళీలను ఒక్క బోర్డే నింపాలని దాని సారం. ఉన్నత విద్యామండలి చైర్మనే బోర్డుకూ చైర్మన్. అప్పటిదాకా ఏ వర్సిటీ నియామకాలు ఆ వర్సిటీవే.

బిల్లును సమర్థించినోళ్లు వర్సిటీల్లో పైరవీలు, కోర్టు కేసులు చూపెట్టారు. అది అబద్ధం కాదు. వ్యతిరేకించినోళ్లు స్వయంప్రతిపత్తి పోతుందన్నారు. అదీ అబద్ధం కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఎంపిక కమిటీకి వైస్‌ చాన్స్‌లరే అధ్యక్షుడు. సర్కారు నియమించిన మనిషి చేతికి అన్ని వర్సిటీల కొలువులు పోతే పైరవీ ఆగుతుందా, అడ్రసు మార్చుకుంటుందా?

తర్వాత ఏమైంది? గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలు లేవనెత్తారు. 2022 నవంబర్‌లో విద్యామంత్రిని పిలిపించి మాట్లాడారు. పెండింగ్ బిల్లుల మీద సర్కారు 2023 మార్చిలో సుప్రీంకోర్టుకు పోయింది. ఏప్రిల్‌లో ఈ బిల్లు రాష్ట్రపతి పరిశీలనకు పోయింది. రాజ్‌భవన్‌కు, ప్రగతిభవన్‌కు మధ్య పంచాయితీ నడిచింది. నడుమ నలిగింది ఎవరు? పీహెచ్‌డీ పట్టా చేతిలో పట్టుకుని వయసు కరిగిపోతున్న మన పిల్లలు. క్లాసులన్నీ మోస్తూ కాంట్రాక్టు, పార్ట్‌టైం పేరుతో బతుకీడుస్తున్న అధ్యాపకులు.

ఒక్క సంగతి మర్చిపోవద్దు. 2017లోనే 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి సర్కారు అనుమతి ఇచ్చింది. అప్పుడు బోర్డు లేదు, గవర్నర్ అడ్డంకి లేదు, అధికారం వర్సిటీల దగ్గరే ఉంది. అయినా పోస్టులు నిండలేదు. అంటే రోగం అధికారం ఎవరిదన్న దగ్గర లేదు. నింపకపోతే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదన్న దగ్గర ఉంది.

2025 ఏప్రిల్‌లో జీవో 21తో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకానికి మార్గదర్శకాలు వచ్చాయి. మా సంగతి తేల్చిన తర్వాతే నోటిఫికేషన్ అని కాంట్రాక్టు అధ్యాపకులు ఆందోళనకు దిగారు. నిరుద్యోగులేమో వెంటనే నోటిఫికేషన్ అంటున్నారు. ఖాళీలను ఏండ్లకేండ్లు పేరబెట్టిందే పాలకులు. ఇప్పుడు వీళ్లూ వాళ్లూ కొట్లాడుకుంటే నవ్వేది కూడా వాళ్లే.

మేం అడిగేది ఒక్కటే. బోర్డు పెట్టినా, వర్సిటీలకే వదిలినా చట్టంలో నాలుగు మాటలు రాయాలె. ఏటా ఖాళీల లెక్క బయటపెట్టాలె. భర్తీకి గడువు పెట్టాలె. ఎంపికైనోళ్ల మార్కులు, ఇంటర్వ్యూ మార్కులతో సహా అందరికీ చూపెట్టాలె. ఏండ్ల తరబడి పాఠాలు చెప్పినోళ్ల అనుభవానికి విలువ కట్టాలె. గడువు దాటితే జవాబు చెప్పే అధికారి పేరు కూడా అందులోనే ఉండాలె.

2014 జూన్ 2న రాష్ట్రం మన చేతికొచ్చింది. సంతకం మనోళ్లదే, కుర్చీలూ మనయే. ఇంకా ఖాళీగా ఎందుకున్నయని అడిగే హక్కూ మనదే. విద్యార్థులారా, ఉద్యోగులారా, ఆ ప్రశ్నను విడిచిపెట్టకండి.